వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్: 1968 జూలై అకూస్టిక్ టేక్ గొప్పదా, వైట్ ఆల్బమ్ వెర్షన్ గొప్పదా?

#1 టేపుపురుగు
బీటిల్స్ పాటల్లో తొలి రూపానికీ ఆల్బమ్ రూపానికీ ఇంత దూరం ఉన్నది మరొకటి కనిపించదు. అందుకే దీని మీద విడిగా చర్చ మొదలుపెడుతున్నాను. అందరం ఒకే రికార్డింగుల గురించి మాట్లాడుకోవాలి కాబట్టి ముందు అవేంటో రాస్తాను.

మొదటిది ఈషర్ డెమో. 1968 మే నెలాఖరులో, ఈషర్‌లోని జార్జ్ హారిసన్ ఇంట్లో (ఇంటి పేరు కిన్‌ఫాన్స్) ఆంపెక్స్ నాలుగు ట్రాకుల టేపు మీద పాడినది. రెండోది జూలై 25న అబ్బీ రోడ్‌లో జార్జ్ అకూస్టిక్ గిటార్‌తో పాడిన టేక్ 1 (టేక్ అంటే ఒక విడత రికార్డింగు). ఇది 1996లో ఆంథాలజీ 3లో వచ్చింది, నిడివి 3:27. మూడోది వైట్ ఆల్బమ్‌లో ఉన్నది, 4:45. ఆల్బమ్ 1968 నవంబర్ 22న విడుదలైంది.

నా పక్షం ముందే చెప్తాను. జూలై టేక్‌లో పాట మాటల్లో ఏడుస్తుంది, ఆల్బమ్‌లో ఆ పని గిటార్‌కి అప్పగించారు. మాటలు తీసుకున్న బరువు నాకు ఎక్కువ నచ్చుతుంది. ఒప్పుకోని వాళ్లు ఏ నిమిషం దగ్గర ఏం వినిపిస్తుందో చెప్పి మరీ వాదించండి.

#2 ఆరోతీగ
నేను ఒప్పుకోను. పాట పేరే గిటార్ ఏడుస్తోందని చెప్తోంది. జూలై టేక్‌లో గిటార్ ఏడవదు, తోడుగా నడుస్తుంది, అంతే. పేరుకి తగ్గ పని ఆల్బమ్‌లోనే జరిగింది.

నిడివి తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో లెక్క కట్టి చూడండి. ఆల్బమ్ వేగం నిమిషానికి దాదాపు 115 బీట్లు. ఒక చరణం 16 బార్లు, అంటే 64 బీట్లు, అంటే 33 సెకన్లు. ఇంట్రో 8 బార్లు. అలా కలుపుకుంటూ పోతే సోలో 1:56 దగ్గర మొదలై 2:30 దగ్గర ముగుస్తుంది. సరిగ్గా ఒక చరణమంత చోటు, ఒక్క బార్ ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆ తర్వాత రెండో బ్రిడ్జ్ (చరణాల మధ్య వరస మారే భాగం), ఆఖరి చరణం అయ్యేసరికి 3:36 దాటుతుంది. అక్కణ్ణుంచి ఫేడ్ దాకా 70 సెకన్లకు దగ్గరగా అంతా గిటారే. మొత్తం కలిపితే పాటలో మూడు చరణాలంత కాలం బీటిల్స్ బయటి గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ చేతిలో ఉంది. దాన్ని అలంకారం అనుకుంటే పొరపాటు. ఆ చోటు కోసమే పాట కట్టడం మార్చారు.

#3 నాలుగుట్రాకులు
చర్చ ముందుకెళ్లే ముందు ఒక మాట. జూలై 25 రికార్డింగును చాలామంది డెమో అంటున్నారు. ఇంట్లో రికార్డు చేసిన డెమో ఈషర్‌దే. జూలైది స్టూడియోలో, ఇంజనీర్ ఎదురుగా, టేక్ నంబర్ వేసి చేసినది. ఆఖరి భాగంలో పాల్ మెకార్ట్నీ హార్మోనియం కూడా ఓవర్‌డబ్ చేశారు, అంటే అయిన రికార్డింగు మీద తర్వాత కలిపారు. ఓవర్‌డబ్ పడిందంటే దాన్ని కనీసం ఆ రోజుకైనా పూర్తి చెయ్యదగ్గ రికార్డింగుగా చూశారన్నమాట. వైట్ ఆల్బమ్ 2018 డీలక్స్ సెట్‌లో ఇదే పద్ధతిలో వాయించిన టేక్ 2 కూడా ఉంది. అది విన్నాక దీన్ని డెమో అనడానికి నోరు రాదు.

ఈ తేడా పట్టించుకోకపోతే పోలిక తప్పు దారిన పోతుంది. ఈషర్ టేపుని ఆల్బమ్‌తో పోల్చి ‘ధ్వని పలచగా ఉంది’ అంటే అది ఇంటి మైకు మీద ఫిర్యాదు. జూలై టేక్ మీద ఆ మాట చెల్లదు. అది పలచగా ఉండాలనే అలా ఉంది.

#4 కొత్తగిటారు
ఒక సందేహం అండీ. ఆల్బమ్ సోలోలో వెనక్కి తిప్పిన గిటార్ ఉందని ఒకచోట చదివాను. ఎంత విన్నా నాకు అలా అనిపించడం లేదు. ఎక్కడుందో చెప్తారా?

#5 నాలుగుట్రాకులు
ఆల్బమ్‌లో లేదండీ. ఆ మాట పుట్టింది మరో టేపు నుంచి. వరుసగా చెప్తాను.

జూలై అకూస్టిక్ టేకుల తర్వాత ఆగస్ట్ 16న బ్యాండంతా కూర్చుని మళ్లీ మొదలుపెట్టారు. 14 టేకులు అయ్యాయి. చివరిదాన్ని కుదించి టేక్ 15 చేశారు. అప్పటికి అబ్బీ రోడ్‌లో వాళ్లు వాడుతున్నది నాలుగు ట్రాకుల మిషనే. సెప్టెంబర్ 3న 3ఎం కంపెనీ ఎనిమిది ట్రాకుల మిషన్‌ని స్టూడియోలోకి తెప్పించుకుని, టేక్ 15ని దాని మీదికి ఎక్కించారు. అబ్బీ రోడ్‌లో బీటిల్స్ ఎనిమిది ట్రాకుల మీద పనిచేసింది అప్పుడే మొదలు. ట్రైడెంట్ స్టూడియోలో ‘హే జూడ్’ని జూలై నెలాఖరుకే ఎనిమిది ట్రాకుల మీద చేశారు, అది వేరే సంగతి.

ఆ రాత్రంతా జార్జ్ టేపుని వెనక్కి తిప్పి సోలో ప్రయత్నించారు. గిటార్ ఏడవాలి, వావా పెడల్ మాత్రం వాడకూడదు, అదీ ఆయన పట్టుదల. సెప్టెంబర్ 5న ఇంకొన్ని పొరలు కలిపి విన్నారు, నచ్చలేదు. మొత్తం పక్కన పెట్టేసి అదే రోజు కొత్తగా మొదలుపెట్టారు. నంబర్లు మాత్రం 17 నుంచి కొనసాగించి 44 దాకా వెళ్లారు. వాటిలో టేక్ 25 బాగుందన్నారు. ఆల్బమ్‌కి పునాది అదే. సెప్టెంబర్ 6న క్లాప్టన్ వచ్చి దాని మీద సోలో వాయించారు. అంటే మీరు చదివిన వెనక్కి తిప్పిన సోలో, పక్కన పెట్టిన వెర్షన్‌తోనే పోయింది. మీ చెవి సరిగ్గానే విన్నది.

#6 ఆరోతీగ
వెనక్కి తిప్పిన సోలో ఈ పాటకి ఎందుకు కుదరలేదో చేతికి గిటార్ ఉన్నవాళ్లకి పది నిమిషాల్లో అర్థమవుతుంది. ఈ చరణంలో బాస్ దిగుతుంది: ఎ, జి, ఎఫ్-షార్ప్, ఎఫ్. టేపు తిప్పితే అదే ఎక్కుతుంది. వాయించేవాడు ఎఫ్‌తో మొదలుపెట్టి ఎ దాకా ఎక్కే వరుస మీద ఆలోచించాలి, వినేవాడికి మాత్రం దిగే వరుస మీద అది కూర్చోవాలి. చేత్తో వాయించేటప్పుడు సహజంగా వచ్చే ఆలోచన ఏదీ పనికిరాదు.

అంతకంటే పెద్ద చిక్కు బెండ్‌తో, అంటే తీగని లాగి స్వరం ఎక్కించడంతో వస్తుంది. ఏడుపులా వినిపించేది తీగని మీటగానే పుట్టే దెబ్బ, ఆ వెంటనే పైకి లాగడం, నెమ్మదిగా వదలడం. తిప్పితే ముందు శబ్దం మెల్లగా ఉబ్బుతుంది, చివర్లో మీటిన దెబ్బ దగ్గర ఠక్కున ఆగిపోతుంది. కలలో వినిపించే ధ్వనికి అది బాగుంటుంది. ఏడుపుకి మాత్రం గొంతు పూడుకున్నట్టు ఉంటుంది.

#7 టేపుపురుగు
ఆరోతీగ గారు చెప్పింది నా వాదానికి బలమే ఇస్తోంది. గిటార్‌తో ఏడిపించడానికి ఆగస్ట్ నుంచి సెప్టెంబర్ దాకా ఇంత తిరిగారు, చివరికి బయటి మనిషిని పిలవాల్సి వచ్చింది. జూలైలో ఒక గిటార్, ఒక గొంతుతో ఆ పని అయిపోయింది కదా!

#8 బాసుమనిషి
జూలైలో పని అయిపోయిందని మనం 1996 తర్వాత విని చెప్తున్నాం. ఆ టేక్‌ని అలాగే వైట్ ఆల్బమ్‌లో వేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ ఆల్బమ్‌లో ‘బ్లాక్‌బర్డ్’, ‘జూలియా’ లాంటి ఒంటి గిటార్ పాటలు ఇప్పటికే ఉన్నాయి. ఇది వాటి పక్కన ఇంకొకటి అయ్యేది.

నేను వినేది బాస్ వైపు నుంచి. జూలై టేక్‌లో దిగే వరుసని మోసేది జార్జ్ బొటనవేలు ఒక్కటే. అది గిటార్ కింది తీగల మీద, మెత్తగా, మిగతా తీగలతో సమానమైన స్థాయిలో వినిపిస్తుంది. ఆల్బమ్‌లో పాల్ బాస్ అదే నాలుగు మెట్లు గరుకుగా, మందంగా దిగుతుంది. ఒకే నాలుగు స్వరాలు. మొదటిది మనిషి తలవంచుకుని నడవడం, రెండోది పైనుంచి బరువు దించడం. ఈ తేడా పట్టుబడాలంటే హెడ్‌ఫోన్స్‌లో మొదటి చరణం నాలుగు బార్లు మాత్రమే వినండి, పాట మీద ధ్యాస పెట్టకుండా.

#9 మోనోప్రియ
వినే పద్ధతి గురించి ఒక ముఖ్యమైన విషయం. ఇందులో సగం వాదనలు ధ్వని స్థాయి తేడా వల్ల పుడుతున్నాయి.

రెండు రికార్డింగుల్లో ఏదో ఒకటి ఒకట్రెండు డెసిబెల్‌లు గట్టిగా ఉన్నా చెవి దాన్ని ‘బాగుంది, నిండుగా ఉంది’ అని లెక్కేస్తుంది, గట్టిగా ఉందని గుర్తించదు. కాబట్టి పోల్చే ముందు రెండింటినీ ఆడాసిటీ లాంటి ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసుకుని, లౌడ్‌నెస్ నార్మలైజ్ కింద ఒకే విలువ పెట్టండి. మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టిదనాన్ని కొలిచే యూనిట్) సరిపోతుంది. పీక్ నార్మలైజ్ వాడకండి. జూలై టేక్‌లో గిటార్ మీటిన ప్రతిసారీ సన్నటి పీక్ లేస్తుంది, ఆల్బమ్ వెర్షన్‌లో డ్రమ్స్, ఆర్గన్ అన్నీ కలిసి సగటు ఎక్కువగా ఉంటుంది. పీకులు సమం చేస్తే ఆల్బమ్ ఇంకా గట్టిగానే వినిపిస్తుంది, మీ తీర్పు ముందే రాసిపెట్టినట్టవుతుంది.

ఇంకొకటి, ఫోన్ యాప్‌లో ఒకటి స్ట్రీమింగ్‌లోనూ ఇంకొకటి ఫైల్‌గానూ వినొద్దు. యాప్ తనంతట తాను స్థాయి మారుస్తుంది. ఆ సెట్టింగ్ ఆపండి, లేదా రెండూ ఒకే చోట వినండి.

#10 శ్రుతిపెట్టె
ఇది విన్న ప్రతిసారీ స్వరాల వైపు నుంచి కనిపించేది రాస్తాను. కర్ణాటక సంగీతం తెలిసిన వాళ్లకి దారి సులువు.

ఎ ని షడ్జమం అనుకోండి. బాస్ దిగేది స, ని2, ద2, ద1. అంటే కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం. మూడో మెట్టు దాకా మనం ఖరహరప్రియలో ఉన్నాం, 22వ మేళం. నాలుగో మెట్టు దగ్గర ధైవతం ఒక అరస్వరం కిందికి జారి నఠభైరవిలో పడతాం, 20వ మేళం. పాట దుఃఖమంతా ఆ ఒక్క అరస్వరంలో ఉంది. ద2 దగ్గర ఇంకా ఆశ ఉన్నట్టు ఉంటుంది, ద1 పడగానే గుండె జారుతుంది. దీన్ని ఏ రాగంలోనూ ఇరికించొద్దని మనవి. రెండు ధైవతాలున్న భైరవి గుర్తుకొస్తుంది కానీ అందులో వాటి నడక వేరు. అక్కడ చతుశ్రుతి ఎక్కేటప్పుడు వస్తుంది. ఇక్కడ రెండూ దిగేటప్పుడే పక్కపక్కన వస్తున్నాయి.

బ్రిడ్జ్ దగ్గర షడ్జమం కదలదు, గాంధారం మాత్రం సాధారణం నుంచి అంతరానికి మారుతుంది. ఎ మేజర్, సి-షార్ప్ మైనర్, ఎఫ్-షార్ప్ మైనర్, సి-షార్ప్ మైనర్, బి మైనర్, ఇ. అంతా శంకరాభరణం స్వరాలే. ఇది గ్రహభేదం అని ఒకచోట చూశాను, కాదు. ఆధార షడ్జమం అదే ఎ.

జూలై టేక్‌లో ఈ మార్పు గదిలోకి వెలుగు వచ్చినట్టు ఉంటుంది, ఎందుకంటే వెనక ఏమీ లేదు, ఆ ఒక్క స్వరమే మారుతుంది. ఆల్బమ్‌లో ఆర్గన్, పాల్ పైగొంతు కలిసి ఆ మార్పుని పెద్దది చేస్తాయి. నాకు మొదటిదే ఇష్టం, సన్నగా ఉన్నందుకే.

#11 బాసుమనిషి
శ్రుతిపెట్టె గారూ, చిన్న చేర్పు. చరణంలో ఇ మేజర్ వచ్చిన ప్రతిసారీ జి-షార్ప్ వస్తుంది, అంటే కాకలి నిషాదం. కాబట్టి చరణంలో ధైవతాలే కాదు, నిషాదాలూ రెండున్నాయి.

#12 శ్రుతిపెట్టె
నిజమే, వదిలేశాను. ఆ ని3 నుంచి మళ్లీ ఎ కి ఎక్కడం వల్లే చరణం తిరిగి మొదలవ్వాలన్న తొందర పుడుతుంది.

#13 కొత్తగిటారు
జూలై టేక్ లాగా వాయించాలని మొదలుపెట్టాను. ఎ మైనర్ బాగానే ఉంది. జి బాస్ దగ్గర వేలు అందడం లేదు, ఎఫ్-షార్ప్ దగ్గర తీగ బుర్రుమంటోంది. ఏం చెయ్యాలి?

#14 ఆరోతీగ
తీగల నంబర్లు లావుది 6, సన్నది 1 అనుకుని రాస్తున్నాను. షేపులు 6వ తీగ నుంచి 1వ తీగ వరకు, గీత ఉన్నచోట ఆ తీగ మోగకూడదు.

ఎ మైనర్: – 0 2 2 1 0
జి బాస్: 3 – 2 2 1 0
ఎఫ్-షార్ప్ బాస్: 2 – 2 2 1 0
ఎఫ్ బాస్: 1 – 2 2 1 0

చూశారా, పై నాలుగు తీగలు కదలవు. కదిలేది బాస్ ఒక్కటే. ఎ, సి, ఇ స్వరాలు అలాగే నిలబడి ఉండగా కింద నేల మెట్టు మెట్టుగా దిగుతుంది, పాట గుట్టు అదే. పుస్తకాల్లో మూడోదాన్ని డి 9 అనీ ఎఫ్-షార్ప్ హాఫ్ డిమినిష్డ్ అనీ వేర్వేరుగా రాస్తారు. మీ చేతికి తేడా ఏమీ లేదు.

జి దగ్గర చిటికెనవేలు 6వ తీగ మూడో ఫ్రెట్‌కి చేరాలి. అందకపోతే మణికట్టుని మెడ కిందికి దించి ముందుకు తొయ్యండి, వేళ్లు నిలువవుతాయి. అప్పటికీ అందకపోతే 4వ తీగ మీది వేలు తీసేసి 3 – – 2 1 0 వాయించండి. పైనున్న ఎ, సి, ఇ ఎక్కడికీ పోవు.

ఎఫ్-షార్ప్, ఎఫ్ రెండిటికీ మెడ వెనక నుంచి బొటనవేలు చుట్టి 6వ తీగ నొక్కాలి. మీకు బుర్రుమనడానికి కారణం దాదాపు ఎప్పుడూ 5వ తీగే. బొటనవేలి కొనని 6వ తీగ దాటించి 5వ తీగకి ఆనించండి, నొక్కొద్దు, ముట్టుకుంటే చాలు. 5వ తీగ నోరు మూసుకుంటుంది. 5వ తీగ మూసినా బుర్రు పోకపోతే బొటనవేలు ఫ్రెట్ కడ్డీకి దూరంగా పడుతోందని అర్థం, ముందుకు జరపండి.

కుడిచేతిలో బొటనవేలు బాస్‌కి, మిగతా మూడు వేళ్లు 3, 2, 1 తీగలకి. మొదటి వారం బాస్ ఒక్కటే బార్‌కి ఒకసారి మీటండి, పైవి వద్దు. ఎ జి ఎఫ్-షార్ప్ ఎఫ్ నాలుగూ ఒకే బలంతో వచ్చాకే పైతీగలు కలపండి. అందరికీ తప్పేది ఎక్కడంటే, ఎఫ్ దగ్గర చెయ్యి అలిసి శబ్దం తగ్గిపోతుంది. నిజానికి బరువు పడాల్సింది అక్కడే.

#15 శ్రుతిపెట్టె
దీనికి తోడు ఒక మాట. పాత టేపు రికార్డింగులతో కలిపి వాయించేటప్పుడు మీ ట్యూనర్ ‘సరిగ్గా ఉంది’ అన్నా రికార్డుతో కలవకపోవచ్చు. టేపు వేగం కొద్దిగా తేడా ఉన్నా శ్రుతి మొత్తం జరుగుతుంది. గిటార్‌ని ట్యూనర్‌కి కాదు, రికార్డుకి శ్రుతి చేసుకోండి. చెవికి కష్టమనిపిస్తే ప్లేయర్‌లో పిచ్‌ని సెంట్లలో జరిపి గిటార్‌కి తెచ్చుకోండి.

#16 టేపుపురుగు
నా మొదటి మాటకి తిరిగొస్తాను, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ సాహిత్యం ముట్టుకోలేదు.

జూలై టేక్ ఆఖరి చరణం ఆల్బమ్‌లో లేదు. ఆడుతున్న నాటకాన్ని తెర పక్కన నిలబడి చూస్తున్నట్టు, ఏమీ చెయ్యకుండా కూర్చుని వయసు మీద పడుతున్నట్టు రాసిన నాలుగు పాదాలు. ఆల్బమ్‌లో వాటి స్థానంలో మొదటి చరణం మాటలే కొద్ది మార్పుతో తిరిగి వస్తాయి. నా బాధ ఇదే. మిగతా చరణాలన్నీ ‘మీ అందరినీ చూస్తున్నాను’ అని ఎదుటివాళ్ల మీద వేలు పెట్టేవి. ఈ ఒక్క చరణంలోనే పాడేవాడు తన మీద వేలు పెట్టుకున్నాడు. అది తీసేస్తే పాటలో తీర్పు మిగిలింది, ఒప్పుకోలు పోయింది.

రెండో బ్రిడ్జ్‌లో ఒకే ప్రాస పట్టుకుని నాలుగు మాటలు దొర్లిస్తారు కదా, వాటిలో ఒకటో రెండో ప్రాస కోసమే వచ్చినట్టుంటాయి. వాటిని ఉంచి ఈ చరణం తీసెయ్యడం ఎప్పటికీ నాకు కొరుకుడుపడదు.

#17 ఆరోతీగ
మీ బాధ అర్థమైంది, చరణం గొప్పదే. కానీ ఆ చరణం తర్వాత 70 సెకన్ల గిటార్ పెట్టి చూడండి. ‘నేను కూర్చుని ముసలివాణ్ణవుతున్నాను’ అని మాటల్లో చెప్పేశాక గిటార్ చెప్పడానికి ఏం మిగులుతుంది? ఆల్బమ్‌లో ఆఖరి చరణం మొదటిదానికే తిరిగి రావడం వల్ల మాటలకి దారి మూసుకుపోయింది. చెప్పాల్సింది ఇంకా ఉంది, మాటలు అయిపోయాయి, అక్కడ గిటార్ అందుకుంది. ఆ చరణాన్ని తీసేసినందుకే ఫేడ్ అంత దూరం లాగగలిగింది.

#18 టేపుపురుగు
ఈ కోణం నేను ఆలోచించలేదు. ఇకమీదట ఆల్బమ్ ఫేడ్‌ని ఆ తీసేసిన చరణంగా వింటాను. అయినా జూలై టేక్‌నే ముందు పెట్టుకుంటాను.

#19 నాలుగుట్రాకులు
సోలో ధ్వని గురించి ఒకరు అడగాల్సింది, ఎవరూ అడగలేదు. క్లాప్టన్ వాయించింది ఎర్ర రంగు గిబ్సన్ లెస్ పాల్, 1957 నాటిది, అంతకు కొద్ది వారాల ముందే ఆయన జార్జ్‌కి ఇచ్చినది. జార్జ్ దాన్ని లూసీ అని పిలిచేవారు. ఆల్బమ్ మీద క్లాప్టన్ పేరు వెయ్యలేదు.

వాయించాక క్లాప్టన్‌కి వచ్చిన అనుమానం, ఇది బీటిల్స్ రికార్డులా లేదని. మామూలు బ్లూస్ గిటార్‌లా బయటికి పొడుచుకొస్తోంది. అందుకని మిక్సింగులో దాన్ని ఏడీటీ (ఆర్టిఫిషియల్ డబుల్ ట్రాకింగ్, టేపుతో ధ్వనికి నకలు పుట్టించడం) గుండా పంపి ఊగించారు. ఆ ఊపే మీకు వినిపించే వణుకు. మిక్స్ చేస్తున్నంతసేపూ ఆసిలేటర్ తిప్పే పని నిర్మాత జార్జ్ మార్టిన్ సహాయకుడు క్రిస్ థామస్‌ది. సెప్టెంబర్‌లో మార్టిన్ సెలవులో ఉన్నన్నాళ్లు సెషన్లు చూసుకున్నది కూడా ఆయనే.

ఏడీటీ అంటే 1966లో అబ్బీ రోడ్ ఇంజనీర్ కెన్ టౌన్‌సెండ్ తయారుచేసిన పద్ధతి. మల్టీట్రాక్ మిషన్‌లో టేపు ముందు రికార్డ్ హెడ్‌ని, తర్వాత ప్లేబ్యాక్ హెడ్‌ని దాటుతుంది. రికార్డ్ హెడ్ నుంచే సిగ్నల్ కాస్త ముందుగా తీసి రెండో టేపు మిషన్‌కి పంపుతారు. ఆ మిషన్‌లో సిగ్నల్‌కి పట్టే ఆలస్యం, ఈ ముందు తీసుకున్న సమయం దాదాపు సరిపోతాయి. అందువల్ల నకలు అసలుకి పక్కనే వచ్చి కూర్చుంటుంది. రెండో మిషన్ మోటార్ వేగాన్ని ఆసిలేటర్‌తో కొద్దిగా మారిస్తే నకలు ముందుకీ వెనక్కీ జరుగుతుంది.

#20 కొత్తగిటారు
అదే కంప్యూటర్‌లో చెయ్యాలంటే? కోరస్ పెడల్ పెడితే నీళ్లలో మునిగినట్టు వస్తోంది, ఆ వణుకు రావడం లేదు.

#21 నాలుగుట్రాకులు
కోరస్‌తో రాకపోవడానికి రెండు కారణాలు. కోరస్‌లో ఊపు గడియారంలా ఒకే లయలో తిరుగుతుంది. ఇంకా, నకలు ఎప్పుడూ అసలుకి వెనకే ఉంటుంది, ముందుకి దాటదు.

ఇలా చెయ్యండి. సోలో ట్రాకుని నకలు తియ్యండి. అసలు ట్రాకు మీద 20 మిల్లీసెకన్ల డిలే పెట్టండి, ఫీడ్‌బ్యాక్ సున్నా, మిక్స్ వంద శాతం వెట్ (ఆలస్యమైన ధ్వని మాత్రమే వినిపించాలి). అంటే అసలునే 20 మిల్లీసెకన్లు వెనక్కి నెట్టారు. నకలు మీద అలాంటిదే ఇంకో డిలే పెట్టి, దాని సమయాన్ని ఆటోమేషన్‌తో 10 నుంచి 35 మిల్లీసెకన్ల మధ్య కదిలించండి. ఇప్పుడు నకలు ఒకసారి అసలుకి ముందుంటుంది, ఒకసారి వెనక. 20 దాటే ఆ క్షణంలో విమానం తల మీదుగా పోయినట్టు ఒక ఊపు వస్తుంది. అది వాక్యానికి ఒకసారి కంటే ఎక్కువ రానివ్వొద్దు. మిగతా సమయం 30 దగ్గర ఉంచితే రెండు గిటార్లలా వినిపిస్తుంది.

ఎంత వేగంగా కదిలించాలో లెక్క చెప్తాను. సెకనులో 5 మిల్లీసెకన్లు మారితే నకలు శ్రుతి అర శాతం జరుగుతుంది, అంటే 9 సెంట్లకు కాస్త తక్కువ. 10 మిల్లీసెకన్లు మారితే 17 సెంట్లు. 9 దగ్గర వణుకు, 17 దాటితే అపశ్రుతి. ఆటోమేషన్ గీతని మౌస్‌తో గియ్యకండి. పాట నడుస్తుండగా నాబ్‌ని చేత్తో తిప్పి రికార్డు చెయ్యండి. క్లాప్టన్ బెండ్ చేసే చోట చెయ్యి నెమ్మదించాలి, పొడుగు స్వరం నిలబడ్డప్పుడు తిప్పాలి.

నకలుని అసలు కంటే 3 డెసిబెల్‌లు తగ్గించండి. చివర్లో మోనోలో ఒకసారి వినండి. రెండింటినీ ఎడమకీ కుడికీ పూర్తిగా విడదీసి ఉంటే స్టీరియోలో ఎంత బాగున్నా, మోనోలో సోలో సన్నబడి వెనక్కి పోవచ్చు.

#22 మోనోప్రియ
మోనో మాట వచ్చింది కాబట్టి. ఆల్బమ్ వెర్షన్ అన్నప్పుడు ఏ మిక్సో కూడా చెప్పాలి. 1968 మోనో, స్టీరియో మిక్సులు విడివిడిగా చేసినవి. ఊపు మిక్స్ చేస్తూ చేత్తో తిప్పింది కాబట్టి ఒకటి ఇంకొకదానికి నకలు కాలేదు. స్టీరియోలో ఫేడ్ దగ్గర జార్జ్ గొంతెత్తి కూసేది స్పష్టంగా వినిపిస్తుంది, ఏడుపు అక్కడ మళ్లీ గొంతులోకి వస్తుంది. టేపుపురుగు గారు ఆ మిక్సే వినాలి.

2018లో జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ చేసిన రీమిక్స్‌లో బాస్, డ్రమ్స్ బలంగా నిలబడ్డాయి. బాసుమనిషి గారు చెప్పిన బరువు వినడానికి అది బాగుంటుంది. 1968లో వాళ్లు ఒప్పుకున్న రూపంతో జూలై టేక్‌ని పోల్చాలంటే మాత్రం పాత మిక్సులకే వెళ్లండి.

#23 బాసుమనిషి
2018 సెట్‌లోనే టేక్ 27 కూడా ఉంది, సెప్టెంబర్ 5 నాటిది. ఆల్బమ్ పునాది అయిన టేక్ 25కి రెండు టేకుల తర్వాతది.  జూలైకీ ఆల్బమ్‌కీ మధ్య ఏం జరిగిందో ఈ ఒక్క టేక్ చెప్తుంది. 

#24 శ్రుతిపెట్టె
2006లో వచ్చిన బీటిల్స్ లవ్ ఆల్బమ్‌ని ఎవరూ తలవలేదు. జూలై టేక్ 1ని అలాగే ఉంచి దాని కింద జార్జ్ మార్టిన్ వయొలిన్ల బృందానికి కొత్తగా రాశారు. టేపుపురుగు గారు కోరుకునే చరణం అందులో ఉంది, ఆరోతీగ గారు కోరుకునే ఏడుపు వయొలిన్లలో ఉంది. ధైవతం ద2 నుంచి ద1కి జారే చోట కింది వాయిద్యాల మీద చెవి పెట్టండి.

#25 ఆరోతీగ
ఈ రాత్రికే వింటాను.

#26 కొత్తగిటారు
5వ తీగకి బొటనవేలి కొన ఆనించడంతో బుర్రు పోయింది. జి మాత్రం 3 – – 2 1 0 తోనే వాయిస్తున్నాను. ఎఫ్ నుంచి మళ్లీ ఎ మైనర్‌కి వెళ్లేటప్పుడు బొటనవేలు తీసే క్షణంలో 6వ తీగ ఖాళీగా మోగుతోంది, దానికేం చెయ్యాలి?

#27 ఆరోతీగ
బొటనవేలిని మెడ మీంచి పూర్తిగా ఎత్తొద్దు. ఒత్తిడి వదిలి 6వ తీగ మీదే ఆనించి ఉంచండి, ఎ మైనర్ నడిచినంతసేపూ. ఆ తీగ మీకు మళ్లీ మూడో ఫ్రెట్ దగ్గర చిటికెనవేలు వచ్చేదాకా అక్కర్లేదు.